ఎండకు కొదవ లేదు, మరి కరెంటు ఎందుకు తగ్గింది?

మన కర్నూలు, కడప జిల్లాల్లో వానకు కరువు గానీ ఎండకు కరువు లేదు. కర్నూలుకు దగ్గర్లోని గని, శకునాల గ్రామాల భూముల్లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. ప్రపంచంలోని పెద్ద సోలార్ పార్కుల్లో ఒకటిగా దానికి అప్పట్లో పేరు వచ్చింది. కడప జిల్లా మైలవరం మండలంలోనూ సోలార్ పార్కు ఉంది. ఎక్కడెక్కడి కంపెనీలో మన ఎండను వెతుక్కుంటూ వచ్చాయి. అదే ఎండ కింద మన ఇంటి మిద్దె మీది 100 వాట్ల ప్యానెల్ మాత్రం రాత్రి ఎనిమిది గంటలకే చేతులెత్తేస్తోందని చాలామంది మిత్రులు అంటుంటారు.

ఈ మాటను తేలిగ్గా తీసుకోవడానికి లేదు. పదో తరగతి పరీక్షలు వచ్చేది మార్చి నెలలో. అప్పటికి వానలు పోయి మూడు నెలలు దాటి ఉంటుంది. ప్యానెల్ మీద దుమ్ము పేరుకుని ఉండేదీ, ఎండలు ముదిరి బ్యాటరీలో నీళ్లు తగ్గేదీ, ఊళ్లో కరెంటు కోతలు పెరిగేదీ ఆ రోజుల్లోనే. చదువుకునే పిల్లవాడికి దీపం బాగా అవసరమైన నెలలోనే దీపం నీరసపడుతుంది. అప్పుడు ఎవరో ఒకరు వచ్చి “ప్యానెల్ పోయింది, కొత్తది వేయించుకోండి” అంటారు. కూలి డబ్బులతో నడిచే ఇంట్లో ఆ ఒక్క మాట వేల రూపాయల అప్పు.

మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. కరెంటు తగ్గినప్పుడు ప్యానెల్ మొదటి ముద్దాయి కాదు, ఆఖరి ముద్దాయి. ప్యానెల్‌లో కదిలే భాగాలు లేవు. మంచి కంపెనీలు 25 ఏళ్ల తర్వాత కూడా దాదాపు 80 శాతం శక్తి ఇస్తుందని హామీ ఇస్తాయి. చెడేవి ఎక్కువగా దాని చుట్టూ ఉన్నవే. వాటిలో చాలావరకు మనం చేత్తో సరిచేసుకోగలిగినవే.

కాలువ గట్టు వెంట నడిచినట్లు

తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా సాగే మన కె.సి. కాలువ అందరికీ తెలుసు. చివరి ఆయకట్టుకు నీళ్లు అందకపోతే లస్కర్ ఏం చేస్తాడు? పై నుంచి గట్టు వెంట నడుచుకుంటూ వస్తాడు. ఎక్కడ పూడింది, ఎక్కడ గండి పడింది, ఎక్కడ తూము మూసుకుపోయింది అని చూస్తాడు. సోలార్‌కూ అదే పద్ధతి. ఎండ, ప్యానెల్, వైరు, చార్జ్ కంట్రోలర్, బ్యాటరీ, చివరగా బల్బు. ఈ వరుసలో పై నుంచి కిందికి రావాలి. మధ్యలో ఏదో ఒకటి మార్చి చూద్దామంటే డబ్బు దండుగ.

అంతకంటే ముందు లెక్క

తప్పు ఉందో లేదో తెలియాలంటే ముందు రావలసినది ఎంతో తెలియాలి. మన ప్రాంతంలో సగటున రోజుకు 5 గంటల నిండు ఎండతో సమానమైన వెలుగు అందుతుంది. 100 వాట్ల ప్యానెల్‌కు 5 గంటలు అంటే 500 వాట్-అవర్లు. వేడి, దుమ్ము, వైర్లు, బ్యాటరీ కలిసి అందులో 25 నుంచి 40 శాతం దాకా తినేస్తాయి. మనకు మిగిలేది 300 నుంచి 375 వరకు.

ఇప్పుడు ఖర్చు చూద్దాం. 9 వాట్ల బల్బులు రెండు, 5 గంటలు వెలిగితే 90. 25 వాట్ల డీసీ ఫ్యాను 8 గంటలు తిరిగితే 200. సెల్‌ఫోన్ల చార్జింగుకు ఇంకో 40. మొత్తం 330. అంటే ఆదాయం, ఖర్చు సరికి సరి. ఈ ఇంట్లోకి 50 వాట్ల టీవీ ఒకటి వచ్చి రోజుకు 4 గంటలు నడిస్తే ఇంకో 200 కావాలి. ఆ రోజు నుంచి బ్యాటరీ కొంచెం కొంచెంగా ఖాళీ అవుతూ వస్తుంది. ఇక్కడ చెడిపోయింది ఏదీ లేదు, ఖర్చు ఆదాయాన్ని దాటింది, అంతే. ఫిర్యాదు చేసేముందు ఇంట్లో కొత్తగా ఏం చేరిందో గుర్తుచేసుకోవాలి.

వెలుగు వేరు, వేడి వేరు

“మే నెల ఎండలో కూడా కరెంటు రాకపోతే ఎట్లా?” అని అడుగుతారు. ప్యానెల్‌కు కావలసింది వెలుగు. వేడి దానికి శత్రువు. ప్యానెల్ వెనుక చీటీ మీద ఉన్న 100 వాట్లు అనే అంకె, దాని సెల్లులు 25 డిగ్రీల వేడిలో ఉన్నప్పటి లెక్క. మన దగ్గర గాలి 43 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం నల్లటి సెల్లు 65 డిగ్రీలు దాటుతుంది. 25 దాటిన ప్రతి డిగ్రీకి శక్తి సుమారు 0.4 శాతం తగ్గుతుంది. 40 డిగ్రీలు పెరిగితే 16 శాతం పోయినట్లే. కాబట్టి మే నెల నడిమధ్యాహ్నం 100 వాట్ల ప్యానెల్ 80 వాట్ల ప్రాంతంలో ఇస్తే అది ఆరోగ్యంగా ఉన్నట్లే.

దీనికి మనం చేయగలిగింది గాలి ఆడనివ్వడం. ప్యానెల్‌ను రేకులకు గానీ మిద్దెకు గానీ ఆనించి పడుకోబెట్టకూడదు. కింద కనీసం జానెడు ఖాళీ ఉండాలి. ఆ ఖాళీలో గడ్డి, గోనె సంచులు, పాత సామాను కుక్కకూడదు.

దుమ్ము, గట్టిపడిన దుమ్ము

మన నేలలో దుమ్ము ఒక రకం కాదు. కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడి దుమ్ము. బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు నాపరాతి పాలిష్ పొడి, సిమెంటు పొడి. రేగడి దుమ్ము ఊడ్చితే పోతుంది. సున్నపురాతి పొడి మీద రాత్రి మంచు పడి, పొద్దున ఎండ తగిలితే అది పొరలా అంటుకుంటుంది. అటువంటి చోట వారానికొకసారి, మిగతా చోట్ల జనవరి నుంచి తొలకరి దాకా పదిహేను రోజులకొకసారి తుడవాలి.

తుడిచే పద్ధతి ఇది. తెల్లవారుజామున గానీ పొద్దు వాలాక గానీ తుడవాలి. మధ్యాహ్నం కాలుతున్న అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది. ముందు మెత్తటి చీపురుతో ఇసుక రేణువులను దులపాలి, లేకుంటే గుడ్డ కింద పడి అద్దాన్ని గీస్తాయి. తర్వాత తడి నూలుగుడ్డతో తుడవాలి. బట్టల సబ్బు పొడి, బూడిద, గిన్నెలు తోమే పీచు వాడకూడదు. మన బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. ఆ నీళ్లు అద్దం మీద ఆరితే తెల్లటి మరకలు మిగులుతాయి. కనుక బోరు నీళ్లే గతి అయితే ఆరకముందే పొడిగుడ్డతో తుడిచెయ్యాలి. చలికాలంలో పొద్దున్నే ప్యానెల్ మీద మంచు నీళ్లు ఉంటాయి. అవి ఉప్పు లేని నీళ్లు, పైగా ఉచితం. ఆ వేళ గుడ్డ పట్టుకుని పోతే బిందె మోసే పని లేదు.

కాకి రెట్ట కనిపిస్తే మాత్రం పదిహేను రోజులు ఆగకూడదు. రెట్ట కింద ఉన్న సెల్లు కరెంటు పుట్టించడం మాని తానే వేడెక్కి గోధుమ రంగుకు మాడుతుంది. అది మాత్రం మళ్లీ బాగుపడదు.

నీడ చిన్నదే, నష్టం పెద్దది

ప్యానెల్‌లో 36 సెల్లులు గొలుసులా ఒకదాని వెనుక ఒకటి కలిపి ఉంటాయి. జోడెద్దుల్లో ఒకటి కుంటితే రెండోదీ ఆ నడకే నడవాలి కదా. అట్లాగే ఒక్క సెల్లు మీద నీడ పడినా మొత్తం వరుస తగ్గిపోతుంది. లోపల బైపాస్ డయోడ్లు ఉన్నా, వేపకొమ్మ నీడ ఒక మూలన పడితే సగం కరెంటు పోవచ్చు. బట్టలారేసే తీగ, డిష్ యాంటెన్నా, నీళ్ల ట్యాంకు, పిట్టగోడ, ఇవన్నీ చూసుకోవాలి.

నీడను మధ్యాహ్నం ఒక్కసారి చూస్తే చాలదు. పొద్దున 9 గంటలకు, మధ్యాహ్నం, సాయంత్రం 4 గంటలకు, మూడుసార్లు మిద్దె ఎక్కి చూడాలి. కాలాన్ని బట్టి కూడా నీడ మారుతుంది. డిసెంబరు 22 ప్రాంతంలో కర్నూలులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణానికి వాలి 51 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు మూడడుగుల పిట్టగోడ నీడ రెండున్నర అడుగుల దూరం పడుతుంది. పొద్దున, సాయంత్రం ఇంకా పొడుగు. వేసవిలో బిగించినప్పుడు నీడ లేని చోటు, చలికాలంలో నీడలోకి పోతుంది. చలికాలంలోనే కరెంటు తగ్గుతోందంటే ముందు దక్షిణం వైపు గోడను అనుమానించాలి.

ఎటు తిప్పాలి, ఎంత వాల్చాలి

కర్నూలు సుమారు 15.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, కడప 14.5 డిగ్రీల మీద ఉన్నాయి. కాబట్టి ప్యానెల్ ముఖం దక్షిణానికి, వాలు 15 డిగ్రీలు ఉంటే ఏడాది మొత్తానికి సరిపోతుంది. కోణమానిని లేకపోయినా ఫరవాలేదు. మూడడుగుల పొడవున్న ప్యానెల్‌కు ఉత్తరపు అంచు దక్షిణపు అంచు కంటే 9 అంగుళాలు ఎత్తుగా ఉంటే అదే 15 డిగ్రీలు. పూర్తిగా పడుకోబెడితే వాన నీళ్లు, దుమ్ము కింది అంచున నిలిచి బురద గీత కడతాయి.

దిక్కు తెలుసుకోవడానికి నిటారుగా ఒక కట్టె పాతి, నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడు గీత గీస్తే అది ఉత్తర దక్షిణాల గీత. మనకు ఆ సమయం 12 గంటలకు కాక 12 గంటల 15 నిమిషాల ప్రాంతంలో వస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. కర్నూలులో మే మొదటి వారం నుంచి ఆగస్టు రెండో వారం ప్రాంతం దాకా మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరం వైపున ఉంటాడు. ఆ రోజుల్లో కట్టె నీడ దక్షిణానికి పడుతుంది. అది చూసి ప్యానెల్‌ను తిరగేయకూడదు.

మీటరు ఏం చెబుతుంది

ఇంతవరకు కంటితో చూసే పని. ఇప్పుడు ఒక చిన్న డిజిటల్ మల్టీమీటరు కావాలి. ఊళ్లో నలుగురు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు.

చాలామంది వోల్టేజీ ఒక్కటే చూసి “ప్యానెల్ బాగానే ఉంది” అంటారు. ఇది మోసపోయే చోటు. బోరులో నీళ్లు ఎంత లోతులో ఉన్నాయన్నది ఒక సంగతి, పైపులో రెండించుల నీళ్లు వస్తున్నాయా అరించి వస్తున్నాయా అన్నది ఇంకో సంగతి. వోల్టేజీ మొదటిది, ఆంపియర్లు రెండోది. ప్యానెల్ దుమ్ము కొట్టుకుపోయి ఉన్నా వోల్టేజీ దాదాపు మామూలుగానే చూపిస్తుంది. నిజం చెప్పేది ఆంపియర్లే.

100 వాట్ల మామూలు ప్యానెల్ చీటీ మీద ఖాళీ వోల్టేజీ 22, షార్ట్ కరెంటు 6 ఆంపియర్ల ప్రాంతంలో ఉంటాయి. మబ్బు లేని మధ్యాహ్నం ప్యానెల్ వైర్లను కంట్రోలర్ నుంచి విప్పి, మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి చూడాలి. వేసవిలో 19, 20 వచ్చినా మంచిదే. 10 మాత్రమే వస్తుంటే లోపల ఒక వరుస గానీ డయోడు గానీ పోయి ఉండొచ్చు. తర్వాత మీటరు ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రానికి మార్చి షార్ట్ కరెంటు చూడాలి. మీటరు కొనలను కలిపేటప్పుడు, తీసేటప్పుడు ప్యానెల్ మీద దుప్పటి కప్పితే నిప్పురవ్వ రాదు. తుడవక ముందు ఒకసారి, తుడిచాక ఒకసారి చూసి రెండు అంకెలు రాసుకోండి. ఆ తేడాయే మీ దుమ్ము ఖరీదు.

ఈ షార్ట్ పరీక్ష ఒక్క చిన్న ప్యానెల్‌కే. ఆంపియర్ల మీద ఉన్న మీటరును బ్యాటరీకి ఎన్నడూ తగిలించకూడదు. మీటరు పేలి చేయి కాలుతుంది.

వైర్లు, అతుకులు

తుడిచాక 5 ఆంపియర్ల పైన వస్తోందంటే ప్యానెల్ నిర్దోషి. ఇక కిందికి దిగాలి. మిద్దె నుంచి గదిలోకి 10 మీటర్ల దూరం ఉంటే కరెంటు పోయి రావడానికి 20 మీటర్ల వైరు. అది 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు అయితే 5.5 ఆంపియర్లకు దారిలోనే 1.3 వోల్టులు పోతాయి. చీటీ మీద 18 వోల్టుల దగ్గర పనిచేసే ప్యానెల్ మే వేడిలో 15కు దిగుతుంది. అందులో 1.3 పోతే మిగిలేది 13.7. బ్యాటరీ నిండడానికి 14.4 దాకా కావాలి. ఇదీ ఎండాకాలంలో బ్యాటరీ నిండకపోవడంలోని రహస్యం. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే ఆ నష్టం అర వోల్టుకు తగ్గుతుంది.

అతుకులు ఇంకా ముఖ్యం. చేత్తో మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు ఎండకు, వానకు తుప్పు పడుతుంది. మధ్యాహ్నం కరెంటు పారుతున్నప్పుడు టేపు మీద నుంచే అతుకును తాకి చూడండి. మిగతా వైరు కంటే వెచ్చగా ఉంటే మీ కరెంటు అక్కడ కాలిపోతోందని అర్థం. విప్పి, గీకి, లగ్గు వేసి బిగించాలి. ప్యానెల్ వెనుక జంక్షన్ బాక్సులో కందిరీగలు, బల్లులు చేరతాయి. దాన్ని కూడా చూడాలి.

చార్జ్ కంట్రోలర్

చిన్న సిస్టాల్లో ఎక్కువగా ఉండేది పీడబ్ల్యూఎం రకం. ఇది ప్యానెల్‌ను బ్యాటరీ వోల్టేజీకి లాగేస్తుంది. 12 వోల్టుల బ్యాటరీకి 36 సెల్లుల ప్యానెల్ అయితే ఇబ్బంది లేదు. కానీ చవకగా దొరికిందని 330 వాట్ల పెద్ద ప్యానెల్‌ను తెచ్చి ఈ కంట్రోలర్‌కే కలిపితే? ఆ ప్యానెల్ 37 వోల్టులు, 9 ఆంపియర్లది. బ్యాటరీ 13 వోల్టుల దగ్గర ఆ 9 ఆంపియర్లు అందుకుంటే వచ్చేది 117 వాట్లే. మూడింట రెండు వంతులు గాలికి పోయాయి. దానికి ఎంపీపీటీ రకం కంట్రోలర్ కావాలి. అంత వోల్టేజీని తట్టుకుంటుందో లేదో కూడా చూసి కొనాలి.

లైటు ఆరిపోతోందని కొందరు కంట్రోలర్‌ను తప్పించి బల్బును నేరుగా బ్యాటరీకి కలుపుతారు. ఆ రాత్రికి వెలుగు వస్తుంది. కానీ బ్యాటరీ అడుగంటా ఖాళీ అవుతుంది, కొన్నాళ్లకే చచ్చిపోతుంది. కంట్రోలర్ లైటు ఆర్పింది బ్యాటరీని కాపాడటానికే. ఇంకో నియమం: విప్పేటప్పుడు ముందు ప్యానెల్, తర్వాత బ్యాటరీ. కలిపేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్.

బ్యాటరీ, అసలు రోగి

నూటికి ఎక్కువసార్లు దారి ఇక్కడికే వస్తుంది. ప్యానెల్ పాతికేళ్ల వస్తువు, లెడ్ యాసిడ్ బ్యాటరీ నాలుగైదేళ్ల వస్తువు. రెండు గంటలు చార్జింగూ వాడకమూ రెండూ ఆపి వోల్టేజీ చూడాలి. 12.7 ఉంటే నిండుగా ఉన్నట్లు, 12.2 సగం, 11.9 కంటే దిగితే ఖాళీ. సాయంత్రం 12.7 చూపించి, ఒక బల్బు వేసిన అరగంటకే 11.9కి పడిపోతే బ్యాటరీ లోపల శక్తి లేదు. పక్కింటి మంచి బ్యాటరీని ఒక్క రాత్రి పెట్టి చూస్తే సందేహం తీరుతుంది.

నీళ్ల సంగతి మరీ ముఖ్యం. వేసవిలో నెలకొకసారి మూతలు తీసి చూడాలి. పలకలు మునిగి ఉండాలి. తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బోరు నీళ్లు వద్దు. ఊళ్లో ప్లాంటు నుంచి క్యానులో వచ్చే మినరల్ వాటరూ వద్దు. తాగడానికి మంచివైనా అందులో లవణాలు మిగిలే ఉంటాయి. టెర్మినళ్ల మీద తెల్లటి, పచ్చటి పొక్కులు ఉంటే వంట సోడా కలిపిన వేడినీళ్లతో గుడ్డను తడిపి తుడిచి, ఆరాక వాజలిన్ పూయాలి. సోడా నీళ్లు మూతల్లోంచి లోపలికి పోకూడదు. ట్రాక్టరు బ్యాటరీ ఇంజను తిప్పడానికి చేసినది, రాత్రంతా దీపం వెలిగించడానికి కాదు. సోలార్‌కు ట్యూబులార్ బ్యాటరీ మేలు.

జాగ్రత్త మిత్రులారా! బ్యాటరీ లోపల ఉన్నది యాసిడ్, చార్జింగులో వెలువడేది మండే హైడ్రోజన్. దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు. యాసిడ్ కంట్లో పడితే వెంటనే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి పోవాలి. చిన్న తరగతుల తమ్ముళ్లు, చెల్లెళ్లు పెద్దవాళ్లు లేకుండా మూతలు తీయకూడదు.

మిద్దె మీది పెద్ద సిస్టాలు

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంతో కరెంటు లైనుకు కలిపే సిస్టాలు మన ఊళ్లకూ వస్తున్నాయి. వీటిలో బ్యాటరీ సాధారణంగా ఉండదు. వీటికి పైన చెప్పిన మీటరు పరీక్షలు చేయకూడదు. వరుసగా కలిపిన ప్యానెళ్లలో వందల వోల్టుల డీసీ ఉంటుంది, పట్టుకుంటే వదలదు. మనం చేయవలసినవి మూడే: తుడవడం, నీడ చూడటం, ఇన్వర్టరు మీద రోజువారీ యూనిట్లు రాసుకోవడం. కిలోవాటుకు సగటున రోజుకు 4 యూనిట్ల ప్రాంతంలో రావాలి. ఎండ బాగున్న రోజుల్లో కూడా అది రెండున్నరకు పడితే బిగించినవారిని పిలవాలి. ఊళ్లో కరెంటు పోతే ఇదీ ఆగిపోతుంది. అది లోపం కాదు. స్తంభం మీద పనిచేసే లైన్‌మెన్ ప్రాణం కోసం అట్లా చేశారు.

ఒక నోటు పుస్తకం

డాక్టరు దగ్గరికి పోతే పాత చీటీలు అడుగుతారు. మన సోలార్‌కూ అటువంటి చీటీ ఉండాలి. ఒక నోటు పుస్తకంలో వారానికొకసారి, అదే సమయంలో, నాలుగు అంకెలు రాయండి: తేదీ, మధ్యాహ్నం ఆంపియర్లు, సాయంత్రం బ్యాటరీ వోల్టేజీ, పొద్దున బ్యాటరీ వోల్టేజీ. మూడు నెలలు రాస్తే మీ సిస్టం నాడి మీకే తెలుస్తుంది. ఆంపియర్లు తగ్గితే దోషం పైన ఉంది: దుమ్ము, నీడ, వైరు. ఆంపియర్లు బాగుండి, పొద్దుటి వోల్టేజీ పడిపోతే దోషం కింద ఉంది: బ్యాటరీ, లేదా పెరిగిన ఖర్చు. ఆ పుస్తకం చేతిలో ఉన్నవాడికి “ప్యానెల్ పోయింది” అని ఎవరూ ఊరికే చెప్పలేరు.

ఐటీఐ, పాలిటెక్నిక్ వైపు పోదలచిన తమ్ముళ్లకు ఇందులో బతుకుదెరువు కూడా ఉంది. అందరికీ ఉద్యోగం రాకపోవచ్చు. కానీ ఓమ్ సూత్రం తరగతిలో వల్లెవేసినవాడు సెలవులకు ఇంటికి పోయినప్పుడు నాన్నతో కలిసి మిద్దె ఎక్కి, ఒక గుడ్డతో, ఒక మీటరుతో ఇంటి దీపాన్ని నిలబెట్టగలిగితే ఆ చదువు ఇంటికి అందినట్లే. ఈ జనవరిలో సంక్రాంతికి ఇళ్లకు పోయినప్పుడు మొదటిసారి తుడవండి, మొదటి అంకె రాయండి. మార్చి పరీక్షల నాటికి మీ ఇంట్లో చదువుకునే చెల్లికో తమ్ముడికో ఆ వెలుగు అందుతుంది.